చేరి నెల తిరగకముందే మరో ఆఫర్ వస్తే

(హైదరాబాదులో ఒక ఆదివారం ఉదయం, ఉద్యోగాలు వెతుక్కుంటున్న యువతీ యువకులు, వారి తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకూ, వెనక గోడకు ఆనుకుని నిలబడిన పిల్లలకూ నమస్కారం. పక్క గదిలో కుర్చీలు ఉన్నాయి, తెచ్చుకోండి నాయనా. నేను అంత తొందరగా వదిలిపెట్టే మనిషిని కాను.

నన్ను పిలిచినవారు "ఉద్యోగ జీవితంలో విలువలు" అన్న శీర్షిక మీద మాట్లాడమన్నారు. నేను ఒప్పుకోలేదు. అంత పెద్ద శీర్షిక కింద ఏమి చెప్పినా చెల్లిపోతుంది, ఏమీ చెప్పకపోయినా చెల్లిపోతుంది. అందుకని ఒకే ఒక్క ప్రశ్న తీసుకున్నాను. మీరు ఒక కొత్త ఉద్యోగంలో చేరారు. నెలయిందో, రెండు నెలలయిందో. మెడలో వేసుకునే ఐడీ కార్డుకు ఇంకా కొత్త ప్లాస్టిక్ వాసన పోలేదు. అప్పుడు అంతకన్నా మంచి ఆఫర్ వచ్చింది. వెళ్ళవచ్చునా? వెళ్ళదలచుకుంటే ఎలా వెళ్ళాలి? నాకు తెలిసిందంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే చెబుతాను.

నేను ముప్పై ఏళ్ళు కంపెనీల సిబ్బంది విభాగాల్లో పనిచేశాను. బాలానగర్ వైపు ఫ్యాక్టరీలలో ఉన్నప్పుడు దాన్ని పర్సనల్ డిపార్ట్‌మెంట్ అనేవారు. మాదాపూర్ వచ్చేసరికి హెచ్‌ఆర్ అయింది. పేరు మారింది, బల్ల మారింది, ఫ్యాను పోయి ఏసీ వచ్చింది. బల్లకు అవతల కూర్చుని "సార్, మీతో ఒక విషయం చెప్పాలి" అంటూ నీళ్ళు నమిలే కుర్రవాడు మాత్రం మారలేదు. అయితే ఈ కథను నేను బల్లకు అవతలి వైపు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మొదట అక్కడ కూర్చోవలసినవాణ్ణి నేను. కూర్చోకుండా పారిపోయాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. జీడిమెట్లలో ఒక చిన్న మందుల తయారీ ఫ్యాక్టరీలో, స్టోర్స్‌లో గుమాస్తాగా చేరాను. ఎర్రగడ్డలో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. స్టోర్ కీపర్ గారు పెద్దాయన. డ్రమ్ము వస్తే రసీదు ఎలా రాయాలి, సరుకు బయటికి వెళితే నిల్వ లెక్క రాసే బిన్ కార్డు మీద ఎక్కడ తగ్గించాలి, ఏ గడిలో ఎర్ర సిరా వాడాలి, అన్నీ పక్కన కూర్చుని చేయి పట్టి రాయించినంతగా నేర్పారు. నలభై రోజులు గడిచాయి. పటాన్‌చెరులో ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళు దాదాపు ఒకటిన్నర రెట్లు జీతం ఇస్తామన్నారు, సోమవారం రమ్మన్నారు. నేను ఏం చేశానంటారు? శనివారం జీతం కవరు తీసుకున్నాను, "వెళ్ళొస్తాను సార్" అన్నాను, సోమవారం పటాన్‌చెరు వెళ్ళిపోయాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి భయం, అంతే. అంతకు మించి పెద్ద కారణం ఏమీ లేదు.

బుధవారం సాయంత్రం ఆ పెద్దాయన జీడిమెట్ల నుంచి ఎర్రగడ్డకు సైకిల్ తొక్కుకుంటూ మా గదికి వచ్చారు. నేను ఇంకా రాలేదు, గదిలో మా స్నేహితుడు ఉన్నాడు. పెద్దాయన చేతిలో నా టిఫిన్ క్యారేజీ ఉంది. శనివారం స్టోర్స్ కిటికీలో మరిచిపోయాను. దాన్ని కడిగించి, తుడిచి, గిన్నెలు సర్ది తెచ్చారు. "కుర్రాడికి జ్వరమా?" అని అడిగారట. మా వాడు నిజం చెప్పాడు. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే స్టోర్స్ అల్మారా తాళంచెవి అతని దగ్గరుందేమో చూడు బాబూ" అన్నారట. ఆ తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. సోమవారం నుంచి మూడు రోజులు వాళ్ళు ఆ అల్మారా తెరవలేకపోయారు. చివరికి తాళం పగలగొట్టారు.

చూడండి, ఆయన ముందు జ్వరం గురించి అడిగారు, తాళంచెవి గురించి తర్వాత అడిగారు. నేను ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం చేసి, రాజీనామాల గురించి ఏర్పరచుకున్న అభిప్రాయాలన్నీ ఆ రెండు ప్రశ్నల నుంచే వచ్చాయి. నేను పటాన్‌చెరు వెళ్ళడం తప్పా? కాదు, ఇప్పటికీ కాదంటాను. మా ఇంట్లో పరిస్థితికి ఆ జీతం కావాలి. కానీ శనివారం సాయంత్రం ఐదు నిమిషాలు నిలబడి చెప్పి ఉంటే తాళంచెవి అక్కడే ఉండేది, ఆయన సైకిల్ ఎక్కవలసిన పని ఉండేది కాదు.

ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులలో కొందరు ఇలా చేరి అలా మానేయడాన్ని "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం" అంటారు. మీ తరంలో ఆ మాటకు అర్థం ఉంది. ఈ నగరంలోనే రామచంద్రాపురంలో భెల్, కుషాయిగూడలో ఈసీఐఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఉండేవి. వాటిలో చేరినవాడు క్వార్టర్స్‌లో ఇల్లు, పిల్లలకు టౌన్‌షిప్ బడి, ఆసుపత్రి, అన్నీ అక్కడే చూసుకుని, అక్కడే రిటైర్ అయ్యేవాడు. సంస్థ అతన్ని వదలదు, అతను సంస్థను వదలడు. అది రెండువైపులా ఉన్న ఒప్పందం. ఇప్పుడు మీ అబ్బాయి చేతిలో ఉన్న ఆఫర్ లెటర్ తీసి చదవండి. ప్రొబేషన్‌లో, అంటే మొదటి కొన్ని నెలల పరీక్షా కాలంలో ఉండగా, కంపెనీ ఏ కారణమూ చూపకుండా, పదిహేను రోజుల నోటీసుతోనో, ఒక్కోచోట అది కూడా లేకుండానో, ఉద్యోగం నుంచి తీసేయవచ్చని రాసి ఉంటుంది. 2022లో, 2023లో కాలేజీ ప్రాంగణంలోనే ఎంపికైన ఎంతోమంది పిల్లలు, ఐటీ కంపెనీలు ఇదిగో చేర్చుకుంటాం, అదిగో చేర్చుకుంటాం అంటూ నెలల తరబడి వాయిదాలు వేస్తే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు. కొందరికి చివరికి ఆఫరే రద్దయింది. అప్పుడు కంపెనీలను ఎవరూ ఆ వాసాల మాట అనలేదుగా? ఒకవైపు ఒప్పందం వదులు చేసి, రెండో వైపు మాత్రం బిగించి పట్టుకొమ్మనడం న్యాయం కాదు. నెల జీతం అంటే నెల పనికి ప్రతిఫలం. ఆ లెక్క నెలాఖరుకు తీరిపోయింది.

అలాగని ఏమీ బాకీ లేదని అనడం లేదు. బాకీ ఉంది. కంపెనీ అనే పేరుకు కాదు, కొందరు మనుషులకు. ఎవరికి? మీకు పని నేర్పడానికి తన పని పక్కన పెట్టుకున్న టీమ్ లీడ్‌కు. "మా వాడు మంచివాడు, తీసుకోండి" అని మీ కోసం రిఫరల్ ఇచ్చిన మిత్రుడికి. చాలా కంపెనీల్లో ఆ రిఫరల్ డబ్బు కూడా మీరు కొన్ని నెలలు నిలిచాకే అతనికి ఇస్తారు, మీరు వెళ్ళిపోతే అతనికి డబ్బూ పోతుంది, మాటా పోతుంది. ఇంకొకరు ఉన్నారు. ఆమెను మీరు ఎప్పుడూ చూడలేదు. ఇంటర్వ్యూలో మీ తర్వాతి స్థానంలో నిలిచి, "సారీ, వేరొకరిని తీసుకున్నాం" అన్న ఫోన్ అందుకున్న అమ్మాయి. ఆవిడకూ మీరు బాకీయే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వచ్చాను. ఈ ముగ్గురి బాకీ రోజురోజుకూ పెరుగుతుంది. మీరు చేరిన రెండో వారంలో చెబితే, మేము ఆ సాయంత్రమే రెండో స్థానంలో ఉన్న అమ్మాయికి ఫోన్ చేస్తాం. ఆమె ఇంకా ఖాళీగానే ఉంటుంది, సంతోషంగా వస్తుంది, అందరి కథా సుఖాంతం. నేనే అలాంటి ఫోన్లు ఎన్నో చేశాను. మూడో నెలలో చెబితే ఆమె వేరేచోట చేరిపోయి ఉంటుంది, మళ్ళీ ప్రకటన, మళ్ళీ ఇంటర్వ్యూలు. ఆరో నెలలో, మీరు లేకపోతే ఆగిపోయే పని చేతికిచ్చాక చెబితే, ఆ ప్రాజెక్టులో మిగిలినవాళ్ళు శని ఆదివారాలు వచ్చి కూర్చోవాలి. అందుకని "ఇంత తొందరగా మానేస్తే ఏమనుకుంటారో, కనీసం ఆరు నెలలైనా ఉండి వెళతాను" అని మర్యాద కోసం ఆగేవాళ్ళను చూస్తే నాకు నవ్వు వస్తుంది. మనసులో వెళ్ళాలని నిశ్చయించుకున్నాక ఆగడం మర్యాద ఎలా అవుతుంది? ఆగినకొద్దీ ఎదుటివారికి ఖర్చు పెరుగుతోంది కదా?

మరి సర్కారు కొలువుల సంగతి ఏమిటని అడుగుతారు, ఈ సభలో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ నుంచి వచ్చినవారు సగం మంది ఉన్నట్టున్నారు. అక్కడ లెక్క వేరు, అందుకే విడిగా చెబుతాను. ప్రైవేటులో మీరు వదిలిన కుర్చీ పదిహేను రోజుల్లో నిండుతుంది. ప్రభుత్వ నియామకంలో మీరు చేరి వదిలిన పోస్టు చాలాసార్లు తర్వాతి నోటిఫికేషన్ దాకా నిండదు. ఒకే అభ్యర్థి కష్టపడి చదివి గ్రూప్-4, గురుకుల టీచరు, జూనియర్ లెక్చరర్, ఇలా రెండు మూడు పోస్టులు సంపాదించడం మనం చూస్తున్నాం. అది అతని ప్రతిభ, తప్పుపట్టలేం. కానీ గురుకుల నియామకాల్లో అలా వదిలేసిన పోస్టులు ఖాళీగా మిగిలిపోతే, అర మార్కు తేడాతో కింద నిలిచినవారు ఆ పోస్టులు తమకివ్వాలని రోడ్డెక్కారు. పై స్థాయి పోస్టుల ఫలితాలు ముందు ఇచ్చి, కింది స్థాయివి తర్వాత ఇవ్వాలని, అక్కరలేని పోస్టును చేరకముందే వదులుకునేందుకు రిలింక్విష్‌మెంట్ అవకాశం ఇవ్వాలని అభ్యర్థులు అడిగింది అందుకే. కాబట్టి మీకు రెండు చేతుల్లో రెండు పోస్టులు ఉండి, ఒకటి అక్కరలేదని తెలిసిపోతే, "ఎందుకైనా మంచిది" అని అందులో చేరి, మూడు నెలలు హాజరు పట్టీలో సంతకాలు పెడుతూ కూర్చోకండి. అంగీకారం లేదన్న కాగితం చేరకముందే ఇవ్వండి. అక్కడ ఆ ఒక్క కాగితం విలువ ఇంకొకరి రెండేళ్ళ చదువు.

ఒకవేళ చేరాకనే మరో ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తుంటే, మీ శాఖాధికారి ద్వారా, అనుమతితో చేయండి. అలా చేసినవారి రాజీనామాను మామూలు రాజీనామాగా కాక సాంకేతిక రాజీనామాగా చూసి, పాత సర్వీసును కలిపే నిబంధనలు ఉన్నాయి. చెప్పకుండా రాసి, ఎంపికయ్యాక తలపట్టుకున్నవారిని చూశాను. ఇంతకు మించి ఈ సంగతిలోకి వెళ్ళను.

బాండుల గురించి, బెదిరింపుల గురించి

సరే, వెళ్ళాలని అనుకున్నారు. భయం ఏమిటి? బాండు, అంటే ఇన్నాళ్ళలోపు మానేస్తే ఇంత కట్టాలని రాయించుకునే ఒప్పందం. "సార్, బాండు మీద సంతకం పెట్టాను, జైల్లో పెడతారా" అని అడిగిన పిల్లలు ఉన్నారు. ఎవరూ జైల్లో పెట్టరు. నేను లాయర్ను కాను, కానీ ఈ బల్ల దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడికి కొన్ని సెక్షన్లు నోటికి వస్తాయి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. అంటే "మా కంపెనీ మానేశాక రెండేళ్ళు ఇదే పని ఇంకెక్కడా చేయకూడదు" అని రాయించుకున్నా, ఉద్యోగం వదిలాక ఆ మాట కోర్టులో నిలవడం కష్టం. మిమ్మల్ని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి పని చేయించమని కూడా ఏ కోర్టూ ఆదేశించదు.

అయితే డబ్బు సంగతి వేరు. ఇక్కడ చాలామంది సగం విని వెళ్ళిపోతారు, దయచేసి పూర్తిగా వినండి. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఒక మొత్తం రాసుకుని దాన్ని ఉల్లంఘిస్తే, ఆ మొత్తాన్ని మించకుండా, న్యాయమైన పరిహారం రాబట్టుకోవచ్చు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో తీర్పు ఇచ్చింది. మూడేళ్ళు నిండకముందే మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్నది అక్కడి షరతు. ఆ అధికారి 2009లో రాజీనామా చేసి ఇంకో బ్యాంకుకు వెళ్ళారు, అభ్యంతరం తెలుపుతూనే డబ్బు కట్టారు, తర్వాత కోర్టుకెక్కారు. ప్రభుత్వ రంగ సంస్థ బహిరంగ పోటీ పెట్టి, ఖర్చు పెట్టి మనిషిని ఎంచుకుంటుంది కనుక ఆ షరతు సమంజసమే, చెల్లుతుందని సుప్రీంకోర్టు చివరికి చెప్పింది. 2009 నుంచి 2025 వరకు ఎన్నేళ్ళు? పదహారేళ్ళు. 2 లక్షల కోసం పదహారేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మీకు ఉందా? "బాండు చెల్లదు, భయపడకు" అని అమీర్‌పేట టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారని సంతకం పెట్టకండి. సంతకానికి ముందే ఎంత, ఎన్ని నెలలు, ఏ శిక్షణకు అని అడగండి. శిక్షణ అంటూ ఏమీ ఇవ్వకుండా 3 లక్షల బాండు అడిగే కన్సల్టెన్సీ అయితే, ఆ ఉద్యోగం ఎందుకని ముందే ఆలోచించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా పెట్టకండి. చూపించి వెనక్కి తెచ్చుకోండి.

జాయినింగ్ బోనస్ గురించి ఒక మాట, కాస్త అనుభవం ఉన్నవారికి పనికొస్తుంది. ఏడాదిలోపు మానేస్తే బోనస్ వెనక్కి కట్టాలని లెటర్‌లో ఉంటుంది. ముప్పై శాతం పన్ను శ్లాబులో ఉన్న మనిషికి 3 లక్షల బోనస్ ఇస్తే, పన్నూ సెస్సూ పోగా చేతికి వచ్చేది దాదాపు 2 లక్షల 6 వేలు. మానేసేటప్పుడు కొన్ని కంపెనీలు మొత్తం 3 లక్షలూ కట్టమంటాయి. పన్ను కింద పోయిన 94 వేలు ఎవరు ఇస్తారు? అది తర్వాత రిటర్నులో తేల్చుకోవలసిన పెద్ద తలనొప్పి. కొత్త కంపెనీతో మాట్లాడేటప్పుడే ఈ మొత్తం బల్ల మీద పెట్టండి. చాలామంది భరిస్తారు, అడగాలి అంతే. నోటీసు రోజులకు బదులు డబ్బు కట్టి వెళ్ళేటప్పుడు, దాని మీద జీఎస్టీ కూడా వేసి అడిగితే ఒప్పుకోకండి. అలాంటి వసూళ్ళ మీద జీఎస్టీ లేదని 2022 ఆగస్టులోనే స్పష్టం చేశారు.

ఆ "మంచి" ఆఫర్ ఎంత మంచిది?

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పేరు చెప్పను. ఉప్పల్‌లో ఇల్లు, తార్నాకలో ఉద్యోగం, ఏడాదికి 6 లక్షల సీటీసీ, అంటే ఆమె మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. చేరి ఐదు వారాలయింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో 8 లక్షల ఆఫర్ వచ్చింది. "సార్, 2 లక్షలు తేడా, వదులుకుంటానా" అంది. నేను తెల్ల కాగితం తీసుకుని, రెండు లెటర్లూ పక్కపక్కన పెట్టమన్నాను.

8 లక్షలలో జాయినింగ్ బోనస్ లక్ష. ఒక్కసారే ఇస్తారు, ఏడాది ఉండకపోతే వెనక్కి కట్టాలి. వేరియబుల్ పే 80 వేలు. ఏడాది చివర, కంపెనీ బాగుండి, మీ రేటింగ్ బాగుంటే వస్తుంది. యాజమాన్యం కట్టే పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. గ్రాట్యుటీ పేరుతో 14 వేలు. బీమా ప్రీమియం 12 వేలు, అది కూడా సీటీసీలోనే. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 5,72,400. నెలకు 47,700. ఇప్పుడు ఉన్న 6 లక్షలలోంచి పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ 14 వేలు తీసేస్తే 5,64,400. నెలకు 47,033. రెండింటికీ ఆమె వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 సమానమే. తేడా ఎంత? నెలకు 667 రూపాయలు.

ఆ 667 కోసం ఆమె రోజూ ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో, అక్కడి నుంచి షేర్ ఆటో, వానాకాలంలో అయితే చెప్పనక్కరలేదు, తిరిగి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాలి. కాగితం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కానీ సార్, అక్కడ నేను నేర్చుకున్న టెక్నాలజీ మీదే పని, ఇక్కడ ఎక్సెల్ షీట్లే" అంది. అప్పుడు నేను, "అయితే వెళ్ళమ్మా, అది నిజమైన కారణం" అన్నాను. వెళ్ళింది కూడా. నేను వద్దనడానికి కాగితం తీయలేదు. 2 లక్షల కోసం వెళుతున్నానని అనుకుంటూ వెళితే నాలుగో నెలలో ఏడుస్తుందని తీశాను.

జీతం లెక్క వేయడం తేలిక. లెక్కకు రానివి కూడా ఉన్నాయి. పెద్ద పేరు ఉంటే చాలు, క్షేమమే అనుకుంటారు. 2009 జనవరి 7న సత్యం అనే ఐటీ సంస్థ ఛైర్మన్ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ లేఖ రాసిన రోజు ఈ నగరం మరిచిపోలేదు. అంతకు నెల ముందు వరకు అక్కడ ఉద్యోగం వచ్చిందంటే పెళ్ళి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. చిన్న కంపెనీ మునుగుతుందని, పెద్దది మునగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే పేరు చూడకండి, మీరు ఎవరి కింద పనిచేయబోతున్నారో ఆ మనిషితో అరగంట మాట్లాడే అవకాశం అడగండి. ఇవ్వకపోతే అది కూడా ఒక సమాధానమే.

ఇక్కడే ఇంకో సంగతి. మీరు రాజీనామా అనగానే, "ఉండు, మేమూ పెంచుతాం" అంటారు. చేరి మూడు నెలలు కాని మనిషికి అలా పెంచితే, ఆ పెంపు మీ పనికి కాదు, మీ బెదిరింపుకు. వచ్చే ఏడాది జీతాల పెంపు జాబితా రాసేటప్పుడు అది గుర్తుంటుంది. ఆ జాబితాలు రాసినవాణ్ణి చెబుతున్నాను, నమ్మండి. గోడ మీద పిల్లిలా అటూ ఇటూ చూడకుండా, వెళ్ళాలని చెప్పాక వెళ్ళండి.

ఎన్నిసార్లు ఇలా చేయవచ్చు? తిన్నగా చెబుతాను. రెజ్యూమెలో రెండు నెలల ఉద్యోగం ఒకటి ఉంటే ఇంటర్వ్యూలో అడుగుతారు, కారణం చెబుతారు, ముందుకు సాగుతారు. రెండు ఉంటే కాస్త గట్టిగా అడుగుతారు. మూడోది కనిపించాక, మీరు ఎంత బాగా చెప్పినా బల్లకు ఇవతల ఉన్నవాడు వినడం మానేస్తాడు. నేనూ మానేశాను. అది అన్యాయమే కావచ్చు, కానీ అలాగే జరుగుతుంది.

ఎలా చెప్పాలి

మౌఖికంగా "నీ పని అయిపోయింది, ఆఫర్ వచ్చినట్టే" అన్న మాట మీద ఎప్పుడూ రాజీనామా చేయకండి. కొత్త కంపెనీ నుంచి సంతకంతో లెటర్ రావాలి, చేరే తేదీ ఉండాలి, జీతం వివరాలు ఉండాలి, వీలైతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కూడా అయిపోవాలి. అవన్నీ చేతికి వచ్చిన రోజు చెప్పండి. మర్నాడు కాదు, ఆ రోజే. ముందుగా చెప్పండి అన్నాను కదా అని పుకారు దశలో చెప్పి రెండింటికీ చెడ్డ రేవడి కాకండి.

ఎవరికి? ముందు మీ మేనేజరుకు. హెచ్‌ఆర్‌కు మెయిల్ కొట్టి, ఆయనకు ఎవరి ద్వారానో తెలిసేలా చేయకండి. మనిషిని కలిసి, తలుపు వేసి, నాలుగు వాక్యాలు. "సార్, నాకు వేరే చోట ఉద్యోగం వచ్చింది, వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. ప్రొబేషన్ ప్రకారం నెల రోజుల నోటీసు ఇస్తున్నాను. మీరు నా మీద పెట్టిన సమయానికి కృతజ్ఞుణ్ణి. ఏ పని ఎవరికి అప్పగించాలో ఈ వారంలో రాసి ఇస్తాను." అయిపోయింది. అమ్మకు ఒంట్లో బాగాలేదని, పై చదువులకు వెళుతున్నానని అబద్ధాలు చెప్పకండి. నగరం చాలా చిన్నది. పై చదువులకు వెళుతున్నానన్న కుర్రవాణ్ణి నాలుగు రోజుల తర్వాత గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ ఎదురుగా దోసె బండి దగ్గర, మెడలో కొత్త కంపెనీ కార్డుతో, వాళ్ళ పాత మేనేజరు చూశాడు. ఇద్దరూ ఒకరికొకరు చట్నీ అందించుకున్నారట.

ఆయన కోపగించుకుంటే? కోపగించుకోనివ్వండి. ఆయనకు ఆ హక్కు ఉంది. ఎదురు వాదించకండి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను, వెళుతూ వెళుతూ గ్రూపులో పెద్ద మెయిల్ పెట్టి, అందరి లోపాలూ ఏకరువు పెట్టేవాళ్ళను. రెండు నెలల్లో మీరు అంత ఏం చూశారు నాయనా?

ఫోన్ ఆపేసి మాయమవడం మాత్రం వద్దు. దాన్ని కంపెనీ భాషలో అబ్‌స్కాండింగ్ అంటారు, దొంగలకు వాడే మాట. అది మీ రికార్డులో చేరితే రిలీవింగ్ లెటర్ రాదు. "ఆ రెండు నెలలూ రెజ్యూమెలో రాయకపోతే సరి" అంటారు. సరి కాదు. మీ పీఎఫ్ ఖాతాలన్నిటినీ కలిపే యూఏఎన్ నంబరు ఒకటే, ప్రతి యాజమాన్యం కట్టిన పీఎఫ్ అందులోనే పడుతుంది, ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో సర్వీస్ హిస్టరీలో వరసగా కనిపిస్తుంది. వెరిఫికేషన్ చేసేవాడు మొదట చూసేది అదే. దాచిన రెండు నెలలు, చెప్పిన రెండు నెలల కంటే ఎంతో పెద్దగా కనిపిస్తాయి.

కాబట్టి చివరి రోజున ల్యాప్‌టాప్, యాక్సెస్ కార్డు ఇచ్చి రసీదు తీసుకోండి. తాళంచెవులు ఉంటే జేబులు తడుముకోండి, నా సలహా. రిలీవింగ్ లెటర్, ఆ కొద్ది రోజుల జీతం స్లిప్పులు అడిగి తీసుకోండి. రాజీనామా చేసినవారి వేతన బకాయి రెండు పని దినాల్లో ఇవ్వాలని 2019 నాటి వేతనాల కోడ్‌లో ఉంది. నెలన్నర ఆగమంటే మర్యాదగా ఆ మాట గుర్తు చేయండి. పాత చోట వచ్చిన జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. లేకపోతే ఇద్దరూ విడివిడిగా స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చి, పన్ను తక్కువ కోసి, రిటర్ను వేసే రోజున వడ్డీతో కలిపి మీ నెత్తిన పడుతుంది. పాత పీఎఫ్ విత్‌డ్రా చేయకుండా బదిలీ పెట్టుకోండి. సర్వీస్ హిస్టరీలో మీరు మానేసిన తేదీ ఎక్కిందో లేదో చూడండి. పాత కంపెనీ ఎక్కించకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని మీరే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు, హెచ్‌ఆర్ చుట్టూ తిరుగుతూ ఉంటారు.

ఆ స్టోర్ కీపర్ గారి సంగతి ఏమైందని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. తాళంచెవి నేను మరుసటి ఆదివారం తీసుకుని వెళ్ళాను. ఫ్యాక్టరీకి సెలవు, గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చేశాను. ఆదివారమే ఎందుకు వెళ్ళానో మీరు ఊహించగలరు.

ఇక నేను ఆపుతాను, ప్రశ్నలు అడగండి. ముందు ఆ మూడో వరుసలో అమ్మాయి. ఇందాక బాండు గురించి చెప్పినప్పటి నుంచి చెయ్యి ఎత్తే ఉంది.